గెలవకముందే పాడొచ్చా?

మా అమ్మాయికి యూనివర్సిటీ నుంచి కండిషనల్ ఆఫర్ (అడిగిన గ్రేడ్లు వస్తేనే సీటు) వచ్చిన సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అదీ వాళ్లమ్మ లాప్‌టాప్‌లో ఇంకేదో వెతుకుతుంటే బయటపడింది. ఎందుకు చెప్పలేదే అంటే, "ఇంకా గెలవలేదు కదా నాన్నా. గెలవకముందే పాడకూడదని నువ్వేగా అన్నావ్" అంది. వెటకారమైతే బాగుండేది. నిజంగానే అలా నమ్ముతోంది.

ఆ పాట గొడవ 2023 నాటిది. దానికి లండన్ ఫుట్‌బాల్ జట్టు ఆర్సెనల్ అంటే పిచ్చి. 2004 తర్వాత అప్పటిదాకా లీగ్ టైటిల్ ముఖం చూడని ఆ జట్టు నెలల తరబడి టేబుల్‌లో మొదటి స్థానంలో ఉంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో జట్టు కాస్త ముందుంటే చాలు, లీగ్ మనదే అంటూ అభిమానులు పాట ఎత్తుకుంటారు. మా ఇంట్లో ఆ పాట నోట్లో పేస్టు నురగతో కూడా వినిపించేది. నేను బాత్రూమ్ తలుపు కొట్టి మరీ ఆపేవాణ్ణి. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అంటే, సోమలింగం ఏ పొజిషన్‌లో ఆడతాడని లోపల్నుంచి అడిగేది.

నా దగ్గర ఉదాహరణలకు కొదవ లేదు. 1996 జనవరిలో న్యూకాజిల్ 12 పాయింట్లు ముందుంది, చివరికి టైటిల్ మాంచెస్టర్ యునైటెడ్ ఎగరేసుకుపోయింది. 2014లో లివర్‌పూల్ క్రిస్టల్ ప్యాలెస్ మీద 3-0తో ముందుండి 3-3తో బయటపడింది. పిల్ల అన్నం తింటుంటే ఇవన్నీ చెప్పేవాణ్ణి. పక్కింటివాళ్ల పిల్లల మార్కులు చెప్పడం కంటే నయమే కదా అనుకునేవాణ్ణి.

ఏప్రిల్‌లో నా నోటి మాటే నిజమైంది. లివర్‌పూల్ స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో ఆర్సెనల్ ఆధిక్యం 2-0 నుంచి 2-2, వారానికే వెస్ట్‌హామ్ దగ్గరా అచ్చం అదే. ఆ తర్వాత టైటిల్‌కు పోటీపడుతున్న మాంచెస్టర్ సిటీ చేతిలో 4-1 ఓటమి. "చూశావా?" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు లోపల ఎక్కడో సంతోషం వేసింది. ఏడుస్తున్న కూతురి ముందు నిలబడి అనాల్సిన మాటేనా అది! అదేమో కళ్లు తుడుచుకుంటూ, "సాలిబా నడుం నా పాట వల్లే పట్టేసిందా?" అని అడిగింది. మార్చిలో గాయపడిన ఆర్సెనల్ డిఫెండర్ సాలిబా ఆ సీజన్‌లో మళ్లీ దిగలేదు. అటు సిటీ వరసగా 12 లీగ్ మ్యాచ్‌లు గెలిచింది. పొద్దుపోయింది, పడుకో అన్నాను.

నిజానికి గ్యాలరీలో పాడేవాడు డిఫెన్స్ ఆడడు కదా. 2020 జనవరి 19న యునైటెడ్ మీద లివర్‌పూల్ ఆటగాడు సలా గోల్ కొట్టగానే ఆన్‌ఫీల్డ్ మొత్తం ఆ పాట అందుకుంది. అభిమానుల్ని పాడుకోనివ్వండి, మేం మాత్రం ఆ సంబరంలో ఇంకా చేరం అన్నట్టు మాట్లాడాడు లివర్‌పూల్ కోచ్ క్లాప్. ఎవరి పని వాళ్లకు అప్పజెప్పాడన్నమాట. జూన్ 25న టైటిల్ ఖాయమయ్యేసరికి కోవిడ్ వల్ల స్టేడియాలకు తాళాలు. 30 ఏళ్లు ఎదురుచూసిన కప్పును జూలైలో ఖాళీ కుర్చీల మధ్య ఎత్తారు. ఖాయమయ్యాకే స్టేడియంలో పాడదామని ఆగినవాడికి పాడటానికి చోటే లేకపోయింది. ఈ కథ మాత్రం అన్నం దగ్గర ఎప్పుడూ చెప్పలేదు. నాకు తెలియక కాదు.

పోనీ నాకేమైనా నిగ్రహం ఉందా అంటే అదీ లేదు. ఆఫర్ సంగతి తెలిసిన పూటే మా అమ్మకు ఫోన్ చేసి, "ఎవరికీ చెప్పకు" అన్నాను. తెల్లారేసరికి వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలిసిపోయింది. దిష్టి ఎలా తీయాలో మా ఆవిడకు వీడియో కాల్‌లో పాఠం కూడా అయింది.

కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు పిల్లల పెంపకం గురించి అడిగితే, అణకువ నేర్పండి, మిగతావి ఈ దేశం నేర్పుతుంది అని పెద్దమనిషిలా చెప్పేవాణ్ణి. ఇప్పుడు నోరు రావడం లేదు. మంచి వార్తను తప్పు చేసినట్టు దాచుకునే పిల్లను చూస్తుంటే, నేను నేర్పింది అణకువేనా అని అనుమానం. అలాగని ఇప్పుడు పాడవే అంటే పాడుతుందా? నేనన్నా స్థిమితంగా వినగలనా? దిష్టి తగలకుండా ఇక్కడివాళ్లలా బల్ల చెక్కను తడుముతూ కూర్చుంటాను.

ఫలితాలు ఆగస్టులో. ఒకవేళ గ్రేడ్లు తగ్గితే మా అమ్మ దిష్టి అంటుంది, నేను అతివిశ్వాసం అంటాను, అది కెమిస్ట్రీ పేపర్ కష్టంగా వచ్చిందంటుంది. ముగ్గురిలో దాని మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువ.