గుండెనొప్పిని గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగకండి

ఒడిశాలోని మా బరంపురంలో ఎవరికి ఛాతీలో నొప్పి వచ్చినా ముందు వినపడే మాట "గ్యాసే అయ్యుంటుంది". సోడా తాగు, ఈనో వేసుకో, వాము నమిలి కాసేపు అటూ ఇటూ తిరుగు, తగ్గకపోతే పొద్దున చూద్దాం. ఆ "పొద్దున చూద్దాం" దగ్గరే మనుషులు పోతున్నారు. మా వీధిలో మావయ్య వరసైన ఒకాయనకి రాత్రి భోజనం అయ్యాక పొట్ట పైభాగంలో మంట మొదలైంది, ఫ్యాన్ కింద కూర్చున్నా చెమటకి బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది, అయినా "ఏం లేదే, మసాలా పడలేదు" అని అత్తయ్యకి సర్దిచెప్పి పడుకున్నారు. పొద్దున ఈసీజీ తీస్తే అటాక్ వచ్చి గంటలు దాటిపోయిందన్నారు. బతికారు. కానీ ఇప్పుడు మేడ మెట్లెక్కాలంటే మధ్యలో ఆగాల్సిందే.

గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డం పడితే, ఆ నాళం మీద ఆధారపడ్డ కండరం నిమిష నిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది, చచ్చింది తిరిగి రాదు. గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది, మొదటి ఒకటి రెండు గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది, పన్నెండు గంటలు దాటితే దానివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. నొప్పి ఎప్పుడూ ఎడమ వైపే రావాలని లేదు. దవడ లాగొచ్చు, వీపు, భుజం లాగొచ్చు. ఆడవాళ్ళకీ షుగరు ఉన్నవాళ్ళకీ ఒక్కోసారి నొప్పే ఉండదు, ఆయాసం, వాంతి, ఉన్నట్టుండి నీరసం, అంతే. కాబట్టి చెమట పట్టినా పట్టకపోయినా ఇవి వస్తే, అది గ్యాసా కాదా అని ఇంట్లో తేల్చుకోవద్దు, ఈసీజీ తేలుస్తుంది. మొదటి ఈసీజీ బాగానే ఉన్నా అనుమానం ఉంటే మళ్ళీ తీస్తారు, గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు, ఇంటికి వెళ్ళిపోతామని తొందరపెట్టకండి.

ఇంకో మాట, ఇది మన సరిహద్దు వాళ్ళకే. ఏం జరిగినా "వైజాగ్ తీసుకెళ్ళిపోదాం" అంటాం, చుట్టాలు అక్కడున్నారు, భాష మనది, నమ్మకం. నాకూ తెలుసు. కానీ బరంపురం నుంచి వైజాగ్ రెండొందల యాభై కిలోమీటర్లకు పైనే, పర్లాకిమిడి నుంచీ గంటల ప్రయాణమే. ముందు దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళండి, ఇక్కడైతే ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, మిగతాచోట్ల జిల్లా ఆసుపత్రి. ఈసీజీ తీయించి, ఇవ్వాల్సిన మందు అక్కడే ఇప్పించి, తర్వాత వైజాగ్ అయినా భువనేశ్వర్ అయినా వెళ్ళొచ్చు. సొంత బండి వెతుక్కుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక అలవాట్లు. సిగరెట్ గురించి అందరూ చెప్తారు, గుడాకు గురించి ఎవరూ చెప్పరు. పొద్దున్నే పెరట్లో నూతిగట్టు మీద కూర్చుని, చిన్న డబ్బా మూత తీసి, నల్లటి ముద్దని చూపుడువేలితో తీసుకుని పళ్ళకి రుద్దుతూ అరగంట కబుర్లు చెప్పే పిన్నులు, పెద్దమ్మలు మా ఇళ్ళల్లో ఎంతమందో. అది పళ్ళపొడి కాదమ్మా, బెల్లప్పాకంతో కలిపిన పొగాకు. చిగుళ్ళలోంచి నికోటిన్ నేరుగా రక్తంలోకి పోతుంది, గుండె వేగం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. "నేను బీడీ కాల్చను కదా" అంటే సరిపోదు. మానడం కష్టమే, కొన్నాళ్ళు తలనొప్పి, చిరాకు ఉంటాయి. 1800-11-2356 అని పొగాకు మాన్పించే ఉచిత ఫోన్ నంబరు ఉంది, దానికి చేయండి.

ఉప్పు సంగతి చెప్తే మా ఊళ్ళో నన్ను తిడతారు, అప్పడాలు, ఊరగాయలు మా ఊరి పేరు కదా. ఎండాకాలం పఖాళలో, అంటే నీళ్ళు పోసిన చద్దన్నంలో ఉప్పు, పక్కన ఎండుచేప, వడియాలు, పైన ఆవకాయ బద్ద. పఖాళ మానమనడం లేదు, అందులో ఉప్పు కలపడం మానండి, పక్కన పచ్చి ఉల్లిపాయ, ఆకుకూర పెట్టుకోండి. రోజంతా కలిపి మనిషికి ఐదు గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది.

డబ్బు దగ్గరే అందరూ లెక్క తప్పుతున్నారు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ జనౌషధి షాపులో పది బిళ్ళలు పది రూపాయల లోపే, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. అదీ "బీపీ నార్మల్ వచ్చింది" అని నెలకే ఆపేస్తారు. మాత్ర వేసుకున్నారు కాబట్టే నార్మల్ వచ్చింది, డాక్టరుని అడక్కుండా ఆపకండి!

స్టెంటు, అంటే మూసుకుపోయిన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, వేయాల్సి వస్తే భయపడి ఎంత చెప్తే అంత కట్టేయకండి. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం మందు పూత ఉన్న స్టెంటుకి 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది, ఏటా కొంచెం సవరించినా ఇప్పటికీ నలభై వేల దగ్గర్లోనే ఉంది. ఆసుపత్రి ఖర్చు వేరే ఉంటుంది నిజమే, కానీ బిల్లులో స్టెంటు కంపెనీ, ధర విడిగా రాసి ఇవ్వాలి, అడగండి.

మన రేషన్ కార్డు ఒడిశాది, ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) మనకి రాదు. 2025 నుంచి ఇక్కడ ఆయుష్మాన్ కార్డు వచ్చింది, కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల దాకా ఉచిత చికిత్స, ఆడవాళ్ళకి ఇంకో ఐదు లక్షలు, జాబితాలో ఉన్న పక్క రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. వెళ్ళబోయే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో, గుండె చికిత్సకి ఉందో లేదో ముందే కనుక్కోండి. డెబ్భై నిండిన పెద్దవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఆధార్ చూపిస్తే వేరే కార్డు ఇస్తారు, ఇంట్లో అమ్మమ్మకి తాతయ్యకి తీయించారా?