ప్రాణహిత ఒడ్డున మీన రాశి

గురువు సింహ రాశిలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకు, మీనంలోకి వస్తే ప్రాణహితకు పుష్కరాలు. పన్నెండు రాశులకు పన్నెండు నదులు పంచిన పెద్దలు ఆఖరి రాశిని మా వైపు నదికి రాసిచ్చారు. గంగా యమునల వరసలో ఈ పేరు విని బయటి ఊళ్లవాళ్లు "అదెక్కడ?" అంటుంటారు. వార్ధా, వైన్‌గంగా కలిస్తే ప్రాణహిత. అక్కడి నుంచి మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకూ తెలంగాణకూ మధ్య హద్దుగా దిగి, సిరొంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది.

2022 ఏప్రిల్ 13న గురువు మీనంలో అడుగుపెట్టాడు. 24 దాకా పుష్కరాలు. బల్లార్షాలో కిరాణా కొట్టు నడిపే మా చిన్నమ్మది మీన రాశి, రేవతి నక్షత్రం. "నా రాశిల గురువొచ్చిండు, మన గంగకు పుష్కరాలొచ్చినయ్. నేను పోకుంటే ఎవలు పోతరు బిడ్డా?" అంది. నాది మిథునం. దానికి అధిపతి బుధుడు. నేను చేసేది కూడా లెక్కలు రాసే ఉద్యోగమే. జాతకాల మీద నాకు నమ్మకం సగం, కుతూహలం సగం. నదంటే మాత్రం అలాంటి పేచీ లేదు.

చైత్ర పౌర్ణమికి బయలుదేరాం. మహారాష్ట్ర ఆర్టీసీ ఎర్ర బస్సులు అప్పటికింకా సమ్మెలోనే ఉన్నాయి కాబట్టి జీపు మాట్లాడుకుని గోండ్‌పిపరి, ఆష్టి, ఆలపల్లి మీదుగా పోయాం. ఆలపల్లి దాటాక అంతా అడవే. రోడ్డు గురించి నేను చెప్పడం ఎందుకు, ఆ దారిన పోయినవాళ్ల నడుములనడగండి.

జీపులో చెల్లెలు ఫోన్ తీసి మీన రాశివాళ్ల గుణాలు పైకి చదవడం మొదలుపెట్టింది. మెత్తని మనసు, ఊహల్లో బతుకు, అడిగినవాళ్లకు కాదనలేరు, ఏ విషయమూ ఓ పట్టాన తేల్చుకోలేరు. తను మార్చి మొదట్లో పుట్టింది కాబట్టి తనదీ మీనమేనని మురిసిపోయింది. అది పడమటి దేశాల లెక్క. ఫిబ్రవరి 19 నుంచి మార్చి 20 దాకా పుట్టినవాళ్లందరినీ వాళ్లు మీనంలో వేస్తారు. మన పంచాంగం ప్రకారం సూర్యుడు మీనంలో ఉండేది మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు. అయినా మనం జన్మరాశి అనేది సూర్యుణ్ని బట్టి కాదు, చంద్రుణ్ని బట్టి. ఆ లెక్కన దానిది సింహం. చెబితే ముఖం ముడుచుకుంది, అది కూడా సింహ లక్షణమేనని చిన్నమ్మ తేల్చేసింది.

ఆ జాబితాలో నాకు నచ్చనిది చివరి మాట. తేల్చుకోలేకపోవడమేమిటి? జీపువాడు చెప్పిన రేటు మీద పావుగంట గొడవపడి తగ్గించింది చిన్నమ్మే. అదే మనిషి కొట్లో ఉద్దెర పుస్తకం తీస్తే వేరు. పేర్లు వరసగా ఉంటాయి, బాకీలు వరసగా ఉంటాయి, కొన్ని పేజీల మీద అడ్డంగా ఓ గీత. "గాయన కాలు ఇరిగింది, యాడికెళ్లి తెస్తడు?" అంటుంది, అంతే. శాస్త్రంలో దీనికో చక్కటి కారణం ఉంది. మీనం బుధుడికి నీచ, శుక్రుడికి ఉచ్ఛ. లెక్కలవాడు అక్కడ మునుగుతాడు, ప్రేమ చూసుకునేవాడు తేలుతాడు. పైగా కాలచక్రంలో పన్నెండో రాశి, పన్నెండో ఇల్లంటే వ్యయం. ఆ పుస్తకం చూసిన ప్రతిసారీ నాలోని బుధుడికి ఊపిరాడదు.

సిరొంచ చేరేసరికి ఎండ మండిపోతోంది. రాశిచక్రాన్ని ఓ మనిషిగా ఊహిస్తే ఆయనే కాలపురుషుడు. ఆయన అంగాల్లో తల మేషానిది, పాదాలు మీనానివి. చిన్నమ్మ చెప్పులు జీపులోనే వదిలి ఇసుకలోకి దిగింది, నాలుగడుగులు వేసి పరుగందుకుంది. "రేవతికి దేవత పూషుడు, బాటసారులను కాపాడేవాడు, నీకేం కాదు పో" అని వెనక నుంచి అరిచాను. "గా పూషునికి చెప్పి జర నీడ ఏపియ్" అంది పరుగాపకుండా.

రేవు దగ్గర ఒకావిడ పసుపు, కుంకుమ, దీపాలు అమ్ముతోంది. మోదుగాకు దొప్పలో నూనె పోసి, వత్తిని వేలికొసతో అంచుకు లాగి, కుడివైపు నిలబడ్డవాళ్లకు "వీస్ రుపయే" అనీ, అదే ఊపిరిలో మాకు "ఇరవై అక్కా" అనీ చెబుతోంది. ఎవరికి ఏ భాషో ముఖం చూసే పోల్చుకుంటోంది, ఒక్కసారీ పొరబడలేదు. సిరొంచలో బోర్డులు మరాఠీ, బేరాలు తెలుగు, అడవి పల్లెల నుంచి వచ్చినవాళ్లది గోండి. పంతులు కూడా గోత్రం రెండు భాషల్లో అడిగాడు. రాశి మాత్రం అడిగినవాళ్లకే చూస్తున్నాడు. చిన్నమ్మ మీనం అనగానే ఆగి, "29న శని కుంభంలోకి వస్తున్నాడమ్మా, మీకు ఏలినాటి శని మొదలు, శాంతి చేయించుకుంటే మంచిది" అన్నాడు. పన్నెండో ఇంట శని అడుగుపెడితే ఏలినాటి తొలి పాదం, ఆయన చెప్పింది సరైనదే. "ముందుగాల తానం చెయ్యనియ్ అయ్యా, శని ఇంకా రాలే గదా" అని ఈవిడ నీళ్లలోకి నడిచింది.

ఒడ్డు దగ్గర మోకాటి లోతే. కూర్చుని మునగాలి. తాతకు, అమ్మమ్మకు తర్పణాలు వదిలాం.

రాశిచక్రం బొమ్మలో మీనమంటే రెండు చేపలు, ఒకదాని తల ఉన్న వైపు ఇంకోదాని తోక. దీన్ని చూసే కాబోలు, ఎటు పోవాలో తెలియనివాళ్లని రాసేస్తారు. నాకైతే ఆ మాట బొమ్మను సగమే చూసి అన్నట్టుంది. మిగతా రాశుల్లో కొన్ని శీర్షోదయం, తలతో పైకొస్తాయి. కొన్ని పృష్ఠోదయం, వీపుతో. మీనం ఒక్కటే ఉభయోదయం, రెండు వైపులా ఒకేసారి. అది తటపటాయింపు ఎలా అవుతుంది? దీపాలమ్మే ఆవిడ దగ్గర మరికాసేపు నిలబడి ఉంటే ఆ రాశి గుణాలు రాసినవాళ్లు ఇంకోలా రాసేవారేమో.

చేపలంటే గుర్తొచ్చింది. సిరొంచ దగ్గరే ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరుంది. అక్కడి సున్నపురాళ్లలో చేపల శిలాజాలు దొరికాయి, 19వ శతాబ్దంలోనే. జురాసిక్ కాలానివి, అంటే పద్నాలుగు కోట్ల ఏళ్లకు పైబడినవి. గట్టి పొలుసులు రాతిలో వరసకు వరస అలాగే ఉండిపోయాయి. ఆ రాతి పొరలను భూగర్భ శాస్త్రంలో ఈ ఊరి పేరుతోనే పిలుస్తారు. నదికి మీన రాశిని అంటగట్టినవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. ఉత్త కాకతాళీయమే, కానీ చిన్నమ్మకు చెబితే ఒప్పుకోలేదు. "పెద్దలు ఉత్తగనే రాసిన్రా?" అంది.

వంతెన దాటి కాళేశ్వరం వెళ్లాం. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడు యముడు, ముక్తేశ్వరుడు శివుడు. ముందు యముడికి పూజ, తర్వాతే శివుడికి. ముక్తేశ్వర లింగానికి ఉన్న రంధ్రాల్లో ఎంత నీరు పోసినా పైకి నిండదనీ, అది సంగమానికి చేరుతుందనీ నమ్మకం. రద్దీలో మాకు దక్కింది రెండు క్షణాల దర్శనం. పన్నెండో ఇంటికి వ్యయంతో పాటు మోక్షం కూడా కారకత్వమే కదా, ఆ రెండూ ఒకే గదిలో ఎందుకు పెట్టారో నేనెప్పుడూ ఆలోచించలేదు. బయటికొచ్చాక చిన్నమ్మ గుడి ముందు కూర్చున్న ముసలమ్మకు వంద కాగితం ఇచ్చి చిల్లర అడగలేదు. జీపు దగ్గర తగ్గించింది అంతకంటే తక్కువే.

2025 మేలో గురువు మిథునంలోకి వచ్చాడు, అదే కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు. పోదామా చిన్నమ్మా అని ఫోన్ చేశాను. "గది నీ రాశి బిడ్డా, నువ్వే పో. నాకు కొట్టున్నది" అంది. మళ్లీ మీనంలోకి గురువు 2034లో వస్తాడని పంతుల్ని అడిగి రాసి పెట్టుకుందట, ఉద్దెర పుస్తకం అట్ట లోపల.