పాప మెడలోని ఐడీ కార్డు

ఆదివారం, రాత్రి 10 దాటింది.

పొద్దున పాపను తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్లాను. అమీర్‌పేటలో మెట్రో మారి హబ్సిగూడలో దిగి, అక్కడి నుంచి ఆటోలో రామంతాపూర్. పెసరట్టు తింటుండగా అమ్మ తన ఫోను నా ముందు పెట్టి, "ఈయన ఎవరో చూడవే, పాప గురించి రాశాడు" అంది.

తెలియని నంబరు. కాలనీ వాట్సాప్ గ్రూపులో అమ్మ నంబరు చూశానని, కిటికీలకు దోమతెరలు బిగిస్తానని రాశాడు. దాని కిందే, "మీ మనవరాలు ముద్దుగా ఉంది మేడమ్. మా అబ్బాయిదీ అదే స్కూలు, నాలుగో తరగతి బీ సెక్షనే."

అతడి మాటల్లో చెడు ఏమీ లేదు. అయినా నోట్లో ముక్క గొంతు దిగలేదు.

"స్కూలు పేరు చెప్పావా అమ్మా?"

"నేనెందుకు చెబుతాను?"

ఎవరూ చెప్పనక్కరలేదు. అమ్మ ప్రొఫైల్ ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేశాను. జూన్‌లో బడి తెరిచిన రోజు నేనే తీసి పంపిన ఫొటో. ఆ గుండ్రంలో పట్టడానికి అమ్మ దాన్ని పాప నడుము పైభాగం వరకే ఉంచడంతో మెడలోని కార్డు మరింత దగ్గరికి వచ్చింది. స్కూలు పేరు, పాప పేరు, తరగతి, సెక్షన్. అన్నిటికంటే కింద ఎర్ర అక్షరాల్లో బస్సు రూటు నంబరు. ఇన్నాళ్లూ నేను పాప నవ్వునే చూశాను. ఆ కార్డు నా కంటికి ఆననే లేదు.

"మన మాటలు ఇంకెవరికీ తెలియవని నువ్వే కదే చెప్పావు" అంది అమ్మ. నిజమే, చెప్పాను. 2016 నుంచి వాట్సాప్ సందేశాలు పంపినవారికి, అందుకున్నవారికి తప్ప ఆ కంపెనీకి కూడా చదవడానికి వీలులేని రూపంలో వెళ్తున్నాయి. కానీ ఆ తాళం ఉత్తరానికే. ప్రొఫైల్ ఫొటో మనం మార్చేవరకు అందరికీ కనిపించేలానే ఉంటుంది. స్టేటస్ మాత్రం మొదటి నుంచీ కాంటాక్టులకే. అమ్మ స్టేటస్‌లో దేవుడి పటాలు పెట్టి, ప్రొఫైల్‌లో మనవరాలిని పెట్టింది. ఇంట్లో ఉండవలసింది వీధిలోకి, వీధిలో ఉన్నా ఫరవాలేనిది ఇంట్లోకి చేరాయి. కాలనీ గ్రూపులో 300 మందికి పైనే ఉన్నారు. అందులో సగం మంది ముఖాలు అమ్మ ఎరగదు.

ప్రైవసీ సెట్టింగుల్లో ఫొటోను కాంటాక్టులకు మాత్రమే అని మార్చాను. చివరిసారి వాట్సాప్ తెరిచిన సమయాన్ని పూర్తిగా దాచబోతే అమ్మ ఒప్పుకోలేదు. మనది దాచితే ఎదుటివాళ్లదీ మనకు కనిపించదు. డాలస్‌లో ఉన్న తమ్ముడు పడుకున్నాడో లేదో అమ్మ అది చూసే తెలుసుకుంటుంది. దాన్నీ కాంటాక్టుల వరకే ఉంచాను.

అప్పటిదాకా బొమ్మలు వేసుకుంటున్న పాప తలెత్తి, "ఆ ఫొటోలో నాకు పన్ను లేదు, పెట్టొద్దని అప్పుడే చెప్పాను కదా అమ్మమ్మా" అంది. చెప్పింది. నాకు బాగా గుర్తుంది. ఇద్దరం నవ్వి ఊరుకున్నాం.

తిరుగు రైల్లో మనసు అక్కడే ఉండిపోయింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. అది పాపకూ ఉన్న హక్కే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం ఒక మనిషి సొంతానికి, ఇంటి అవసరానికి వాడుకునే సమాచారం జోలికి రాదు. అంటే అమ్మకూ నాకూ మధ్య తిరిగే పాప ఫొటోకు కాపలా మేమే. ఆ కాపలా నేను సరిగ్గా కాయలేదు.

అమ్మ ప్రొఫైల్‌లో ఇప్పుడు బాల్కనీలోని నందివర్ధనం మొక్క ఉంది. ఫొటో పాపే తీసింది. పాతది బంధువుల గ్రూపులోనూ పెట్టాను. రేపు పొద్దున పిన్నికి, పెద్దత్తయ్యకు ఫోను చేసి వాళ్ల ఫోన్లలోంచి తీసేయమని అడగాలి.