కాన్పు గదిలో పక్కన కూర్చునే మనిషి

2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు కదా, వాళ్లలో కొందరు మా ఆస్పత్రికీ వచ్చారు. మాది ఉత్తర తెలంగాణలో ఒక సర్కారు దవాఖాన, నాది ప్రసూతి వార్డు. వచ్చిన పిల్లలు చురుకైన వాళ్లు, చదువుకున్నది మరిచిపోని వాళ్లు. అయితే లేబర్ రూమ్ డ్యూటీ వేస్తే చాలు, ముఖాలు వాడిపోతాయి. అరుపులు, నెత్తురు, బయట గొడవపడే బంధువులు, ఏదన్నా జరిగితే మీద పడే మాట. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది.

ఒకరోజు వాళ్లలో ఒకమ్మాయి అడిగింది: "మేడం, మనం చేసేదీ డెలివరీలే, మిడ్‌వైఫ్ అక్క చేసేదీ డెలివరీలే. మరి ఆమెకు ప్రత్యేకంగా పద్దెనిమిది నెలల ట్రైనింగ్ ఎందుకు?" మిడ్‌వైఫ్ అంటే మామూలు కాన్పులు చేయించడానికి ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు. డ్యూటీ మారే వేళ, నిలబడి నాలుగు ముక్కల్లో చెప్పే జవాబు కాదు అది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా జిల్లాల సంగతి చెప్పాలి. 2019లో జరిగిన ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లని తేలింది. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. ప్రైవేటులో చూస్తే 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. ఇక కరీంనగర్ జిల్లాలో అన్నీ కలిపి 82 శాతం. అంటే పదిమంది తల్లుల్లో ఎనిమిది మందికి పొట్ట కోసే తీశారన్నమాట. ఇది నేను పుట్టి పెరిగిన పక్క. మా అమ్మ తరంలో మంత్రసాని చేతుల మీద ఇంట్లోనే కాన్పులయ్యేవి. తల్లులు చచ్చిపోయేవాళ్లు కూడా, అది మరవకూడదు. ఆ కాలమే బంగారమనే మాట నా నోట రాదు. తెలంగాణలో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డల లెక్కన తల్లుల మరణాలు 2014-16లో 81 ఉంటే, 2018-20 నాటికి 43కి దిగాయి. దవాఖానకు రాబట్టే అది సాధ్యమైంది. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలైంది, సర్కారు దవాఖానలో అబ్బాయి పుడితే 12 వేలు, అమ్మాయి పుడితే 13 వేలు ఇచ్చారు. ఇంటి నుంచి తీసుకురావడానికి, తిరిగి దింపడానికి 102 నంబరు బండ్లు పెట్టారు. సర్కారు దవాఖానల్లో కాన్పులు పెరిగాయి. 2015-16 సర్వేలో 30.5 శాతం ఉన్నవి తర్వాతి సర్వేకు 49.7 అయ్యాయి. మా వార్డులో మంచాలు చాలక ఇబ్బంది పడ్డ రోజులు నాకు గుర్తే.

తల్లులు దవాఖానకైతే వచ్చారు. వచ్చాక వాళ్లను ఎట్లా చూసుకున్నాం? అసలు ప్రశ్న అది.

పాత లేబర్ రూమ్ ఎట్లుండేదో కొత్త పిల్లలకు తెలియదు. ఇనుప బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లు. లేవనిచ్చేది లేదు, నీళ్లు తాగనిచ్చేది లేదు, తల్లినీ అత్తనూ లోపలికి రానిచ్చేది లేదు. నొప్పులు సాగడానికి సెలైన్‌లో ఆక్సిటోసిన్ పెట్టేవాళ్లు. తొలుసూరు కాన్పయితే అడగకుండానే కోత పెట్టి కుట్లు వేసేవాళ్లు. నలుగురైదుగురు గర్భిణులకు ఒక సిస్టర్ ఉంటే అంతకు మించి ఏం జరుగుతుంది? అట్లా ఒంటరిగా, భయంతో, దాహంతో ఉన్న పిల్ల ఐదారు గంటలు కాగానే "ఆపరేషన్ చెయ్యుర్రి" అని ఏడుస్తుంది. బయట అత్తమ్మ కూడా అదే అంటుంది. దానికి ముహూర్తం కూడా తోడైతే ఇక చెప్పేదేముంది. పంతులు రాసిచ్చిన చీటీ పట్టుకుని, "పదకొండుంబావు లోపల తియ్యాలె సారూ" అని నిలబడ్డ తండ్రులను ఎందరిని చూశానో.

2017లో కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది ఇదిగో ఈ నేపథ్యంలోనే. రాష్ట్ర ఆరోగ్య శాఖ, యునిసెఫ్, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి పెట్టింది. డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ గారు తమ ఆస్పత్రిలో 2011 నుంచే మిడ్‌వైఫ్‌లను తయారు చేస్తున్నారు. ఆ అనుభవం సర్కారుకు అక్కరకొచ్చింది. సర్వీసులో ఉన్న 30 మంది స్టాఫ్ నర్సులను ఎంచుకుని 18 నెలలు నేర్పించారు. దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు వచ్చింది 2018 డిసెంబరులో. అప్పటికే మా కరీంనగర్‌లో క్లాసులు నడుస్తున్నాయి. ఈ మాట రాస్తుంటే నాకు గర్వంగా ఉంది. దాచుకోను. సిజేరియన్లలో ముందున్న జిల్లాలోనే దానికి మందు వెతకడం మొదలైంది. 2023 నాటికి రాష్ట్రంలో శిక్షణ పొందినవాళ్లు 212 మంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను.

మొన్న వానాకాలంలో నైట్ డ్యూటీ. తొలుసూరు కాన్పు, ఇరవై ఏళ్ల పిల్ల, బీడీలు చుట్టే ఇంటి కోడలు. రాత్రి పదింటికి వచ్చింది. మా మిడ్‌వైఫ్ చెల్లె ఆమెను మంచం ఎక్కించలేదు. పేరడిగింది, ఎప్పుడు తిన్నదో అడిగింది, తల్లిని లోపలికి పిలిచింది. పరీక్ష చేసే ముందు, "చెయ్యి పెడుతున్న బిడ్డా, వద్దంటే ఆపుత" అని చెప్పింది. ఆ ఒక్క మాటకు ఆ పిల్ల భుజాలు కిందికి దిగడం నేను చూశాను. గర్భసంచి ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది. వెనకటి లెక్కన గంటకో సెంటీమీటరు సాగాలి, సాగకపోతే లేటన్నట్టు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ లెక్క మార్చింది. అసలు నొప్పులు ఐదు సెంటీమీటర్ల నుంచి మొదలైనట్టు లెక్క, గంటకో సెంటీమీటరు అందరికీ సాగకపోవచ్చు, తల్లీబిడ్డా బాగుంటే ఆగవచ్చు అంది. కాగితం మీద ఇది ఒక్క వాక్యం. రాత్రి ఒంటిగంటకు అత్తమ్మ తలుపు తట్టి, "ఇంకెంతసేపు సిస్టరూ, మా కోడలు తట్టుకోలేదు, పెద్దాపరేషన్ జెయ్యుర్రి" అన్నప్పుడు ఆ వాక్యం మీద నిలబడాలంటే గుండె కావాలి.

ఆ చెల్లె బయటికెళ్లి అత్తమ్మతో మాట్లాడింది. "బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటాంది అవ్వా, మీరే ఇనుర్రి" అని ఆమెను లోపలికి తీసుకొచ్చి డాప్లర్‌లో చప్పుడు వినిపించింది. అత్తమ్మ మళ్లీ తలుపు తట్టలేదు. లోపల ఆ పిల్ల రబ్బరు బంతి మీద కూర్చుని అటూ ఇటూ ఊగుతోంది, నొప్పి వచ్చినప్పుడల్లా తల్లి భుజం పట్టుకుని వంగుతోంది. చెల్లె వేడినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో నడుము కింద అదుముతోంది. మధ్యలో గుక్కెడు నీళ్లు, రాగి జావ. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు విని, కాన్పు ఎట్లా సాగుతుందో గీసే పార్టోగ్రాఫ్ చార్టులో చుక్క పెట్టడం, రెండు గీతల మధ్య ఆ చుక్కలు ఎటు పోతున్నాయో చూడడం. డ్యూటీ డాక్టరమ్మకు ఒకసారి ఫోన్ చేసి పరిస్థితి చెప్పింది. ఆమె వచ్చి చూసి, "సాగనివ్వండి, నేను పైనే ఉంటా" అని వెళ్లింది. ఈ ముక్క ముఖ్యం. మిడ్‌వైఫ్ అంటే డాక్టరుకు పోటీ కాదు. ఉమ్మనీరు పచ్చగా వచ్చినా, బిడ్డ గుండె తగ్గినా, బీపీ పెరిగినా, రక్తం పోతున్నా క్షణం ఆగకుండా డాక్టరుకు చెప్పడం ఆ శిక్షణలో పెద్ద భాగం.

తెల్లవారుజామున ఆ పిల్ల పక్కకు తిరిగి పడుకుని కన్నది. కోత లేదు, ఒక్క కుట్టు లేదు. తల బయటికొచ్చే వేళ "ముక్కకు, ఊదు, దీపం ఆర్పినట్టు ఊదు" అంటూ చెల్లె నెమ్మదిగా రానిచ్చింది. బిడ్డను తుడిచి నేరుగా తల్లి రొమ్ము మీద వేసింది. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా కత్తిరించలేదు. అందులోంచి బిడ్డకు వెళ్లే రక్తం తర్వాతి నెలల్లో రక్తహీనత రాకుండా కాపాడుతుంది. మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడిందో లేదో చూసి, మళ్లీ చూసింది. గంటలోపే బిడ్డ ముర్రుపాలు తాగింది. ఈ చివరి సంగతి చిన్నది కాదు. మన రాష్ట్రంలో పుట్టిన గంటలోపు పాలు తాగే బిడ్డలు 37 శాతం దరిదాపుల్లోనే ఉన్నారు. పొట్ట కోసిన తల్లి థియేటర్ నుంచి వార్డుకు వచ్చి, మత్తు దిగి, బిడ్డను ఒడిలోకి తీసుకునేసరికి గంట ఎప్పుడో దాటిపోతుంది.

ఆ రాత్రంతా చెల్లె చేసిన పని ఏంటని ఎవరన్నా అడిగితే, కేస్ షీట్‌లో కనపడేది కొంచెమే. ఆమె పక్కన కూర్చుంది. కంటి ముందు పెట్టుకుని చూసింది. నేర్చుకోవడానికి 18 నెలలు పట్టేది ఇదే: ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు.

సిజేరియన్‌ను నేను తిట్టడం లేదు. ఆపరేషన్ లేకపోతే బతకని తల్లులను, బిడ్డలను ఈ చేతులతోనే స్ట్రెచర్ మీద తోసుకెళ్లాను. కానీ అవసరం లేని మొదటి ఆపరేషన్ అక్కడితో ఆగదు. రెండోసారి కూడా చాలాచోట్ల ఆపరేషనే అంటారు. పాత కుట్టు మీద మాయ అతుక్కుపోతే రక్తస్రావం ఆపడానికి గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. జనాభా మొత్తంలో సిజేరియన్లు పది శాతం దాటాక ఇంకా పెరిగినా తల్లీబిడ్డల మరణాలు తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మనం ఎక్కడున్నామో పైన రాశాను.

మా శాఖలో ఈ నాలుగైదేళ్లలో వచ్చినవి ఇంకా ఉన్నాయి. 2022 నవంబరులో 44 సర్కారు ఆస్పత్రులకు 56 టిఫా స్కానింగ్ మిషన్లు వచ్చాయి. కడుపులో బిడ్డ అవయవాలు ఎట్లున్నాయో చూడడానికి ఐదో నెలలో చేసే ఆ స్కాన్‌కు అంతకుముందు మా దగ్గరికొచ్చే కూలీ కుటుంబాలు బయట వేలు పోసేవి. అదే ఏడాది డిసెంబరులో కామారెడ్డిలో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్ మొదలుపెట్టి, రక్తహీనత ఎక్కువున్న తొమ్మిది జిల్లాలకు ఇచ్చారు. మంచి పనులే.

అయితే నా మనసు మనుషుల దగ్గరే ఆగుతుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రగుంట పీహెచ్‌సీ ఏఎన్ఎం తేజావత్ సుశీల గారు 2023 జూన్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా జాతీయ ఫ్లారెన్స్ నైటింగేల్ అవార్డు అందుకున్నారు. గుత్తికోయ ఆదివాసుల గూడేలకు తిరిగి టీకాలు వేసే, గర్భిణులను దవాఖానకు ఒప్పించి తెచ్చే ఏఎన్ఎం ఆమె. ఆ వార్త చూసిన రోజు మా వార్డులో స్వీట్లు పంచుకున్నాం. ఆమె మాకెవరికీ పరిచయం లేదు, అయినా మా మనిషికి వచ్చినట్టే అనిపించింది. మరుసటి ఏడాది జూలైలో ములుగు జిల్లా వైద్యాధికారి డాక్టర్ అప్పయ్య గారు వాజేడు మండలం పెనుగోలుకు వాగులు దాటి, గుట్టలెక్కి, 16 కిలోమీటర్లు నడిచి వెళ్లారు. వానాకాలం, జ్వరాల కాలం. జిల్లా అధికారి కింది సిబ్బందికి ఆర్డరు వేసి ఊరుకోవచ్చు. ఆయన కాళ్లే వెళ్లాయి. అట్లాంటి ఊళ్లకు మా ఏఎన్ఎంలు, ఆశాలు ప్రతి నెలా మందుల సంచి వేసుకుని వెళ్తూనే ఉంటారు. ఆ దారి ఎట్లుంటుందో పెద్ద సారు నడిస్తే లోకానికి తెలిసింది.

మళ్లీ మిడ్‌వైఫ్‌ల దగ్గరికి. నాకున్న ఆవేదన ఒక్కటే. ఇంత నేర్పించాక వాళ్లను లేబర్ రూమ్‌లోనే ఉంచాలి. సిబ్బంది తక్కువున్న చోట జనరల్ వార్డుకో, క్యాజువాలిటీకో మారిస్తే ఆ చదువు వృథా. వాళ్లకంటూ ఒక కేడర్, ఒక ప్రమోషన్ వరుస ఉండాలి. లేకపోతే ఐదేళ్లకు ఎవరైనా ఎందుకు ఈ రాత్రుళ్లు కోరుకుంటారు? మామూలు కాన్పు అయితే సిబ్బందికి ప్రోత్సాహకం అన్నారు, సంతోషమే. కానీ డబ్బు కోసం ఆగే చోట ప్రమాదం ఉంది. ఆగడం, ఆగకపోవడం తల్లీబిడ్డల పరిస్థితిని బట్టి ఉండాలి. ఆ తీర్పు చెప్పగల మనిషికి నిలకడైన పోస్టు ఇవ్వడమే అసలు ప్రోత్సాహకం.

మీ ఇంట్లో ఎవరికన్నా నెలలు నిండుతుంటే రెండు మాటలు. మీ దగ్గరి సర్కారు దవాఖానలో మిడ్‌వైఫ్ ఉన్నారా అని ఏడో నెలలోనే అడగండి, ఉంటే అప్పటి నుంచే ఆమెను కలవండి. ముఖం తెలిసిన మనిషి దగ్గర కనే తల్లులు తక్కువ భయపడతారు, నేను రోజూ చూస్తున్నాను. కాన్పుకు తోడు రావాల్సింది ధైర్యం చెప్పే మనిషి, ఎవరో ముందే అనుకోండి. ముహూర్తం చీటీ మాత్రం ఇంట్లోనే ఉంచండి. బారసాలకు, అన్నప్రాసనకు ఎన్ని ముహూర్తాలైనా ఉన్నాయి.

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు నైట్లలో మా చెల్లె పక్కనే డ్యూటీ వేయమంటోంది. శిక్షణకు నోటిఫికేషన్ వస్తే తను, ఇంకో పిల్ల పెట్టుకుంటారట. వాళ్లు లేని 18 నెలలు వార్డు నడపడం కష్టమే. డ్యూటీ చార్టు నేను సర్దుతానని చెప్పాను.