రోడ్డు మనది, పండగ కాకులది

శంషాబాద్ దగ్గర సర్వీస్ రోడ్డు మీద లారీ కింద పడ్డ కుక్కను కాకులు పొడుచుకు తింటున్నాయి. కారు మీదికొచ్చేదాకా కదలవు. పక్కకు రెండు గెంతులు, మళ్లీ భోజనం!

అమెరికాలో మొహావీ ఎడారిదీ ఇదే కథ. అక్కడివి మన ఊరకాకుల కంటే పెద్దవైన రేవెన్లు. హైవే మీద చచ్చిన జంతువులు తిండికి, కరెంటు స్తంభాలు గూళ్లకు, మురుగు చెరువులు దాహానికి. ఇంకేం, తెగ పెరిగిపోయాయి. నష్టమంతా ఎడారి తాబేలుకు. పిల్లల పెంకు గట్టిపడటానికి ఏళ్లు పడుతుంది, ఆలోపే పొడిచి తినేస్తాయి. 1990లోనే దాన్ని ముప్పున్న జాతిగా ప్రకటించారు. పాపం, కాకిని మేపింది మనుషులేగా! రేవెన్ గుడ్లు పిల్లలు కాకుండా ఇప్పుడు డ్రోన్లతో గూళ్లలోని గుడ్ల మీద నూనె చల్లిస్తున్నారు.