పూండి దారిలో మంచుయుగం

మద్రాసులో మంచుయుగం చూడ్డానికి వెళ్తున్నామంటే, స్వెట్టర్ పెట్టుకున్నారా అని అడిగారు. ఇక్కడ మంచు ఏనాడూ పడలేదు. 25.8 లక్షల ఏళ్ల కిందట మొదలై ఇంకా నడుస్తున్న క్వాటర్నరీ యుగంలో, ఉత్తరాన మంచు పేరుకున్నప్పుడల్లా దాని దెబ్బ ఇక్కడ వానల మీదా సముద్రం మీదా పడింది. నైరుతి బలహీనపడేది, తీరం తూర్పుకి జరిగిపోయేది. సుమారు 20 వేల ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు కిందికుంది. అప్పుడు మెరీనాలో నిలబడితే అల కనబడదు. ధనుష్కోటి నుంచి లంకకి వారధి లేకుండానే నడిచిపోవచ్చు.

ఆ కాలపు మనుషుల రాతి పనిముట్లే మనం చూడబోయేవి. ముందు ఎగ్మూరు మ్యూజియం చూసుకోవాలి, ఆ తర్వాతే తిరువళ్లూరు దగ్గరి పూండి. ఈ వరస తిరగేస్తే పూండిలో ప్రతి గులకరాయీ పనిముట్టులాగే కనబడుతుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ జీవితకాలమంతా పోగేసిన రాళ్లని ఈ మ్యూజియమే 1904లో కొనుక్కుంది. చేగొడ్డలి, అంటే పిడి లేకుండా చేత్తో పట్టుకునే రాతి పనిముట్టు దగ్గర కనీసం పది నిమిషాలు నిలబడండి. కన్నీటిబొట్టు ఆకారం, అరచేతికి సరిపడా క్వార్ట్జైట్ అనే గట్టి రాయి. పెచ్చులు రెండు ముఖాల నుంచీ లేచి ఉంటాయి, రెండు వైపుల గంట్లూ అంచు దగ్గర కలుస్తాయి. ఏట్లో దొర్లి పగిలిన రాయికి ఒకటో రెండో పెచ్చులు ఎక్కడ పడితే అక్కడ లేస్తాయి తప్ప, అంచు పొడవునా వరసగా లేవవు. ఊడిన పెచ్చునే చూస్తుంటే, దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు, దాని చుట్టూ నీటి అలల్లాంటి గీతలు వెతకాలి.

1863 మే 30న ఫూట్‌కి మొదటి రాతి పనిముట్టు దొరికింది పల్లావరంలో. ఇప్పుడక్కడ చూడ్డానికేం లేదు, దిగకండి.

సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి తిరువళ్లూరుకి లోకల్ రైలు, అక్కడి నుంచి పూండికి బస్సో ఆటోనో. డిసెంబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఈశాన్య వానలు ఆగకముందు వెళ్తే బంకమట్టి చెప్పులకి అంటుకుని కాలు లేవదు. దారిలో అడుగు పెడితే చాలు, తెలుగు వినబడుతూనే ఉంటుంది. తమిళులు కొసస్తలైయారు అనే ఏరు నగరి వైపు మన కుశస్థలే. పూండి చెరువులోకి తెలుగుగంగ కాలవ మీద కృష్ణ నీళ్లు కూడా వస్తాయి.

ఆ ఏటి దగ్గరే, రాతి పనిముట్లు దొరికిన అత్తిరంపాక్కం. ఫూట్, ఆయన తోటి భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కలిసి 1863 సెప్టెంబరులోనే దీన్ని పట్టుకున్నారు. తర్వాత పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం తవ్వి, అట్టడుగు బంకమట్టి పొరలో చేగొడ్డళ్లకి సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో ప్రకటించింది. లెక్క ఇలా కట్టారు: నేల మీద పడి ఉన్న క్వార్ట్జ్‌లో అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల వల్ల అల్యూమినియం-26, బెరీలియం-10 అనే రేడియోధార్మిక పరమాణువులు పుడతాయి. లోతుగా పూడిపోగానే ఆ పుట్టడం దాదాపు ఆగిపోతుంది. అల్యూమినియం సుమారు 7 లక్షల ఏళ్లకీ, బెరీలియం సుమారు 14 లక్షల ఏళ్లకీ సగమవుతుంది. రెంటి నిష్పత్తి చూస్తే రాయి ఎప్పుడు పూడిందో తెలుస్తుంది. అందుకే, గుర్తుగా ఒక్క రాయి తెచ్చుకుందామనే బుద్ధి వద్దు. పొర నుంచి విడిపోయిన రాయికి వయసు కట్టలేరు.

జంతువుల సంగతికొస్తే ఇక్కడ నిరాశే. గుర్రం, గేదె, మనుబోతు జాతుల పళ్లు కొన్ని, బంకమట్టిలో గిట్టల ముద్రలు, అంతే. వరద దిగాక తడిమట్టి తొక్కుకుంటూ జంతువులు పోయాయి, తర్వాతి వరద మట్టి ఆ గుంటల్ని కప్పేసింది. గేదెకి నీళ్లు కావాలి, గుర్రానికి గడ్డిబీడు కావాలి. రెండూ ఒకే చోట ఉన్నాయంటే ఏటి పక్కన చిత్తడి, ఆవల మైదానం అన్నమాట. ఎముకలు లేవంటే జంతువులు లేవని కాదు. మట్టిలో ఆమ్లం ఉంటే ఎముకని తినేస్తుంది, పంటి ఎనామెల్ గట్టిది కాబట్టి మిగులుతుంది. ఎముకలు చూడాలంటే కర్నూలు వైపు, బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహలకి పోవాలి. అక్కడి సున్నపురాయి ఆమ్లాన్ని విరిచేస్తుంది. 1880లలో ఫూట్, ఆయన కొడుకూ అక్కడ తవ్వితే, ఇప్పుడు ఆ ప్రాంతంలో లేని ఖడ్గమృగం ఎముకలు కూడా బయటపడ్డాయి.

ఓపికుంటే పూండికి దగ్గర్లోని గుడియం గుహలకి కూడా వెళ్లండి. ముళ్లకంపల మధ్య నడక, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, నిండు ప్యాంటు. గుహ అంటారు గానీ, వంగిన కొండ కింద నీడపట్టు. పైకి చూడండి: గోడంతా పనసతొనల్లా పొదిగిన గుండ్రటి క్వార్ట్జైట్ రాళ్లు. ఎగ్మూరులో అద్దం వెనక చూసిన రాయి సరుకు ఇదే. కొండ అరిగితే రాలేది, ఏరు దొర్లించి తెచ్చేది, పనిముట్లు చేసేవాళ్లు ఏరుకునేవాళ్లు. మూడింటికల్లా తిరుగుముఖం పట్టండి. వచ్చిన ఆటోని వెయిటింగ్‌లో ఉంచుకోకపోతే తారురోడ్డు దాకా నడకే.