641 దాకా

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. రెండు 32వ ఘాతానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య ఇది. ఘాతాన్ని 1, 2, 4, 8, 16 అని రెట్టిస్తూ పోయే ఈ వరసలో ముందొచ్చే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇదీ అంతేనని 1640లో గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దీన్ని రెండు ముక్కలు చేశాడు. ఆ పనేదో కాగితం మీద నేనూ చేసి చూడాలని ఎప్పట్నించో కోరిక.

మాది పర్లాకిమిడి. హోల్‌సేల్ కిరాణా కొట్టులో పద్దులు రాస్తాను. చదివింది ఒడియా మీడియం కావడంతో ఇంట్లో మాట తెలుగే అయినా, నోట్లో ఎక్కాలు మాత్రం ఇప్పటికీ ఒడియా పణికియాలే. పాతపట్నం నుంచి వచ్చిన మేనల్లుడు "ఫోన్లో కొడితే వచ్చేస్తుంది కదా మావయ్యా" అన్నాడు. వస్తుంది. ఎందుకొచ్చిందో రాదు.

గుడ్డిగా మొదలెడితే వర్గమూలం దాకా, అంటే 65536 లోపున్న 6542 ప్రధాన సంఖ్యలతోనూ భాగించాలి. కొట్టు మూసుకోవాల్సిందే! కిటుకు ఇక్కడుంది. ఏదో ఒక ప్రధాన సంఖ్య దీన్ని నిశ్శేషంగా భాగిస్తోందనుకోండి. దానితో భాగిస్తే వచ్చే శేషాల లెక్కలో రెండు 32వ ఘాతం మైనస్ ఒకటితో సమానం. వర్గం చేస్తే, 64వ ఘాతానికి శేషం 1. అంతకుముందు ఏ ఘాతానికీ 1 రాదు. ప్రధాన సంఖ్యలో ఒకటి తీసేసి అన్నో ఘాతం చేసినా శేషం 1 వస్తుందనేది ఫెర్మా సిద్ధాంతం. కాబట్టి ఆ ఒకటి తీసేసిన సంఖ్య 64 గుణిజమై తీరాలి. తన నమ్మకాన్ని కూల్చే గునపాన్ని ఫెర్మాయే, అదే 1640లో, ఇచ్చాడన్నమాట.

64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చే ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641... 193తో శేషం 109. 257కి భాగహారమే అక్కర్లేదు: 256 అంటే మైనస్ ఒకటి, దాని నాలుగో ఘాతం 1, ఇంకో ఒకటి కలిపితే శేషం 2. 449తో 325, 577తో 288. 641తో అంకెలు దించుకుంటూ పోయాను, చివర సున్నా. భాగఫలం 67,00,417.

"అయిపోయింది" అన్నాడు మేనల్లుడు. అవలేదు. ఆ 67 లక్షల చిల్లర మళ్లీ విడిపోతుందో లేదో తేలాలి. 1878లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు లూకాస్ 64 షరతుని 128కి బిగించాడు కాబట్టి, వర్గమూలం 2588 లోపు చూడాల్సినవి 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 257 ముందే పోయింది. తక్కినవాటికి శేషాలు 44, 120, 334, 622. అంటే అది ప్రధాన సంఖ్యే.

తర్వాతది రెండు 64వ ఘాతానికి ఒకటి కలిపినది, ఇరవై అంకెలు. దాని చిన్న కారణాంకమే 2,74,177. 1880లో దాన్ని విడగొట్టేనాటికి ఫ్రెంచ్ గణితజ్ఞుడు లాండ్రీకి 82 ఏళ్లు. నాకింకా టైముంది.